చలి ఊళ్ళలో త్వరగా పెరిగే పూలచెట్లు: జోన్ నంబర్ చెప్పని సంగతులు

ఏప్రిల్ వచ్చి మంచు కరగగానే చికాగో సబర్బ్‌లలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న మొదలవుతుంది, కొత్త ఇల్లు తీసుకున్నాం, వెనక అంతా బోసిగా ఉంది, పక్కవాళ్ళ కిచెన్ కిటికీలోంచి మా డెక్ మొత్తం కనపడుతోంది, త్వరగా పెరిగే చెట్టు, అదీ పూలు బాగా పూసేది ఏదైనా ఉంటే చెప్పండన్నా అని. జవాబులు కూడా దాదాపు ప్రతిసారీ అవే. ఒకరు ఊదారంగు పూల ఎంప్రెస్ ట్రీ లింక్ పెడతారు, ఏడాదికి పదడుగులు పెరుగుతుందట అంటూ. ఇంకొకరు హైబ్రిడ్ పాప్లర్ అంటారు. డాలస్‌లో ఉన్న చెల్లెలు వాళ్ళింటి ముందు క్రేప్ మర్టిల్ ఫోటో పంపిందని ఇంకొకరికి అదే కావాలి. చివరికి ఎవరో ఒకరు "జోన్ 5 (అంటే ఊరి చలిని బట్టి ఇచ్చే నంబర్) కి ఓకే అని రాసుందక్కా, కొనేయండి" అంటారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది.

ఆ "జోన్ 5 ఓకే" అనే ముక్క దగ్గరే నా బాధంతా. అది అబద్ధమని కాదు, అది చెప్పేది చాలా కొంచెం, దాన్నుంచి మనం ఆశించేది చాలా ఎక్కువ. చెట్టు ఎంపికలో పొరపాటు జరిగితే అది తెలిసేసరికే ఐదారేళ్ళు గడిచిపోతాయి, ఆ ఐదారేళ్ళూ సరైన చెట్టుకి ఇచ్చుంటే ఈపాటికి కింద కుర్చీ వేసుకుని కూర్చునేంత నీడ వచ్చేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. చలి దేశంలో చెట్టు కొనేముందు అడగాల్సిన అసలు ప్రశ్నలు రెండే అని నా నమ్మకం: ఈ చెట్టు పెరగడం ఎప్పుడు ఆపేస్తుంది, దీని పూమొగ్గ చలికాలమంతా ఎక్కడుంటుంది. ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతాది చాలావరకు అదే అర్థమవుతుంది.

ముందు జోన్ అంటే ఏంటో

అమెరికా వ్యవసాయ శాఖ దేశం మొత్తాన్ని 13 జోన్లుగా విడగొట్టింది, ఒక్కోటి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ వెడల్పు, మళ్ళీ అందులో ఏ, బి అని సగాలు. జోన్ 5 అంటే మైనస్ 20 నుంచి మైనస్ 10 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 29 నుంచి మైనస్ 23 సెల్సియస్. ఇది మీ ఊళ్ళో ఎప్పుడూ దాటని గీత కాదు. ముప్ఫై ఏళ్ళ పాటు ఏడాదికొకసారి వచ్చిన అత్యంత చల్లటి రాత్రిని తీసుకుని వాటి సగటు కడతారు, అంతే. సగటు అంటేనే కొన్నేళ్ళు దానికంటే పైన, కొన్నేళ్ళు దానికంటే కింద అని కదా, చెట్టుకేమో అన్ని ఏళ్ళూ బతకాలి.

2023లో కొత్త మ్యాప్ వచ్చింది, 1991 నుంచి 2020 వరకు లెక్కలతో, 13 వేలకి పైగా వాతావరణ కేంద్రాల సమాచారంతో. దాంట్లో దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోన్ వెచ్చటి వైపు జరిగింది, మినియాపోలిస్ 4బి నుంచి 5ఏ అయింది, చికాగోలో చాలా భాగం ఇప్పుడు 6ఏ. దాంతో నర్సరీల్లో జోన్ 6 మొక్కలు ధైర్యంగా కొనడం మొదలైంది. కానీ ఆ లెక్కలు తీసుకున్న ముప్ఫై ఏళ్ళలోనే 2019 జనవరి కూడా ఉంది, ఆ నెల 30న చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో మైనస్ 23 ఫారెన్‌హీట్, మర్నాడు ఇల్లినాయ్‌లోనే ఉన్న రాక్‌ఫర్డ్‌లో మైనస్ 31. ఇక్కడున్నవాళ్ళెవరూ ఆ రెండు రోజులు మర్చిపోయి ఉండరు. మైనస్ 23 అంటే జోన్ 4 చలి. కాబట్టి నా సలహా, పదేళ్ళకి పైగా ఉండాలనుకునే చెట్టు ఏదైనా మీ మ్యాప్ జోన్ కంటే ఒక జోన్ చల్లటిదానికి తట్టుకునేదై ఉండాలి, పూలకుండీలో పెట్టే మొక్కలతో మాత్రం ఎంతైనా ప్రయోగాలు చేసుకోవచ్చు.

కెనడాలో ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది, అక్కడి అధికారిక జోన్ మ్యాప్ వేరే పద్ధతిలో కడతారు, కనిష్ట ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా వాన, మంచు, గాలి, ఫ్రాస్ట్ (మొక్కల్ని గడ్డకట్టించే చలి) లేని రోజుల సంఖ్య లాంటివి కూడా కలుపుతారు. అందుకని అమెరికా వెబ్‌సైట్‌లో జోన్ 5 అని చూసి బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో అదే నంబర్‌తో పోల్చుకోకూడదు.

చెట్టు చలికి ఎలా తట్టుకుంటుంది

ఇక్కడే అసలు విషయం ఉంది, దీన్ని కొంచెం ఓపిగ్గా చూడాలి.

మన ఊళ్ళలో చెట్టుకి పెద్ద గండం ఎండ, నీటి కరువు. పగటి నిడివి కూడా పెద్దగా మారదు, హైదరాబాద్‌లో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ తేడా రెండు గంటలు. చికాగోలో అది ఆరు గంటలు. ఈ ఆరు గంటల తేడానే ఉత్తరాది చెట్లకి గడియారం. ఆకులు రాత్రి ఎంత పొడుగుందో కొలుస్తాయి, ఫైటోక్రోమ్ అనే పదార్థం ద్వారా. జులై చివర, ఆగస్టులో, బయట మనం ఇంకా ఏసీ వేసుకుని కూర్చున్నప్పుడే, రాత్రి పెరుగుతోందని గమనించి చాలా ఉత్తరాది చెట్లు కొమ్మ చివర పెరుగుదల ఆపేసి గట్టి మొగ్గ కట్టుకుంటాయి. ఆ తర్వాత సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చే చిరుచలి వల్ల రెండో దశ మొదలవుతుంది, కణాల్లో చక్కెరలు పెరుగుతాయి, పొరల తీరు మారుతుంది, నీళ్ళు కణం లోపల్నించి మెల్లగా బయటికి వెళ్ళి కణాల మధ్య ఖాళీల్లో గడ్డకడతాయి. కణం లోపల ఐస్ ఏర్పడితే కణం చచ్చినట్టే, బయట ఏర్పడితే కణం ఎండినట్టయి బతికిపోతుంది. అంటే చలికి తట్టుకోవడం అనేది చెట్టుకి పుట్టుకతో వచ్చి ఏడాది పొడుగునా ఉండే గుణం కాదు, ఏటా కొన్ని వారాలు కష్టపడి తెచ్చుకునే స్థితి. జులైలో మైనస్ 5 సెల్సియస్ వస్తే జనవరిలో మైనస్ 30 తట్టుకున్న చెట్టు కూడా పోతుంది.

కొన్ని జాతులకి దీంట్లో ఒక హద్దుంది. ఓక్, ఎల్మ్, యాష్ లాంటి చాలా చెట్ల కాండంలోని కొన్ని కణాల్లో నీళ్ళు బయటికి పోవు, ఐస్ కట్టకుండానే ద్రవంగా ఉండిపోతాయి, అయితే మైనస్ 40 దగ్గరికి వచ్చేసరికి (ఈ ఒక్క చోట ఫారెన్‌హీట్, సెల్సియస్ రెండూ ఒకటే) అవి ఒక్కసారిగా గడ్డకట్టి కణాలు చచ్చిపోతాయి. విల్లో, ఆస్పెన్, పేపర్ బర్చ్ లాంటివాటికి ఆ హద్దు కూడా లేదు. జపాన్ శాస్త్రవేత్త అకిరా సకాయ్ 1960లలో విల్లో, పాప్లర్ కొమ్మలని ముందు మెల్లమెల్లగా చల్లబరిచి, ఆ తర్వాత మైనస్ 196 సెల్సియస్ ఉండే ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసినా బతికే ఉన్నాయని చూపించాడు.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి, విల్లో, పాప్లర్, ఆస్పెన్ ఈ మూడూ అమెరికాలో అత్యంత వేగంగా పెరిగే చెట్లలోవే. అంటే వేగంగా పెరిగేవి చలికి తట్టుకోవు అని చాలామంది చెప్పే మాట తప్పు. వేగం వల్ల నష్టం లేదు. ఎప్పుడు ఆగాలో తెలియని వేగం వల్లే నష్టం.

దీనికి చాలా మంచి రుజువు 1954లో పాలీ, పెర్రీ అనే ఇద్దరు ప్రచురించిన పరిశోధన. పాప్లర్ జాతుల్నే ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వేర్వేరు అక్షాంశాల నుంచి తెచ్చి మసాచుసెట్స్‌లో ఒకే చోట పెంచారు. ఉత్తరం నుంచి తెచ్చినవి వేసవిలోనే పెరుగుదల ఆపేశాయి, దక్షిణం నుంచి తెచ్చినవి శరదృతువు బాగా ముదిరేదాకా పెరుగుతూనే పోయాయి. ఒకే నేల, ఒకే వాన, ఒకే చలి, తేడా అంతా వాటి లోపలి గడియారంలోనే.

టైమింగ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి మిడ్‌వెస్ట్ చరిత్రలో ఒక ఘోరమైన ఉదాహరణ ఉంది. 1940 నవంబర్ 11, ఆర్మిస్టిస్ డే. అప్పటిదాకా హాయిగా, వెచ్చగా ఉన్న శరదృతువు ఒక్క రోజులో తిరగబడింది, ఉష్ణోగ్రత గంటల్లో పాతాళానికి పడిపోయింది, మంచు తుఫాను. ఐయోవాలో ఆపిల్ తోటలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి, ఆ రాష్ట్రపు ఆపిల్ వ్యాపారం ఆ దెబ్బ నుంచి మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. అవేమీ చలికి కొత్త చెట్లు కావు, అంతకుముందు అంతకంటే చల్లటి జనవరులు చూసినవే. సిద్ధం కాకముందే చలి వచ్చేసింది, అంతే. కాల్గరీలో ఇదే కథ వెనకనుంచి జరుగుతుంది, నడిశీతాకాలంలో చినూక్ గాలి వచ్చి రెండు మూడు రోజులు వసంతంలా వెచ్చబడుతుంది, చెట్టు కొంచెం సడలుతుంది, వెంటనే మళ్ళీ మైనస్ 25. జోన్ నంబర్లో ఇవేవీ కనపడవు.

ఎంప్రెస్ ట్రీ సంగతి

పౌలోనియా టొమెంటోసా. చైనా చెట్టు, జపాన్‌లో కిరి అంటారు, తేలికైన దాని కలపతో బట్టల పెట్టెలు చేస్తారు, ఆడపిల్ల పుడితే ఈ చెట్టు నాటి పెళ్ళినాటికి కొట్టి పెట్టె చేయించే ఆచారం ఉండేదని చెప్తారు. పౌలోనియా పువ్వు జపాన్ ప్రభుత్వ చిహ్నంలో కూడా ఉంది. రష్యా చక్రవర్తి పాల్ కూతురు, నెదర్లాండ్స్ రాణి అయిన అన్నా పావ్లోవ్నా పేరు మీద దీనికి ఆ పేరు పెట్టారు. ఏప్రిల్‌లో ఆకులు రాకముందే చెట్టంతా లేత ఊదారంగు గొట్టపు పూల గుత్తులతో నిండిపోతుంది, చూస్తే కావాలనిపించడంలో తప్పేం లేదు, నిజంగా అంత అందంగా ఉంటుంది.

ప్రకటనల్లో చెప్పే పెరుగుదల కూడా నిజమే. నరికిన మోడు నుంచి ఒక్క సీజన్‌లో ఎనిమిది పదడుగుల కొమ్మ వస్తుంది, ఆకు రెండడుగుల దాకా వెడల్పు. మరి చిక్కు ఎక్కడ? మొదటిది, చిన్న వయసులో అది ఆగదు, మంచు కొట్టేదాకా పెరుగుతూనే ఉంటుంది, కొమ్మ చివర మూసుకునే మొగ్గ కూడా కట్టుకోదు, అందుకే అక్టోబర్‌లో మొదటి గట్టి మంచుకి పచ్చి కొమ్మ పచ్చిగానే నల్లబడిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. వచ్చే వసంతంలో పూయాల్సిన పూమొగ్గలు ముందు ఏడాది ఎండాకాలం చివర్లోనే కట్టేస్తాయి, గోధుమరంగు నూగుతో చిన్న చిన్న బుడిపెల్లా, పైన పొలుసుల కప్పు కూడా లేకుండా, చలికాలమంతా గాల్లో అలాగే వేలాడుతుంటాయి. జీరో ఫారెన్‌హీట్ కింద బాగా చలిపడిన ఏడాది ఆ మొగ్గలు పోతాయి. చికాగోలో అలాంటి చలి దాదాపు ప్రతి ఏడాదీ వస్తుంది.

అంటే "జోన్ 5 ఓకే" అన్నమాట వేరు విషయంలో నిజం, పువ్వు విషయంలో అబద్ధం. వేరు బతుకుతుంది, ప్రతి ఏడాదీ మళ్ళీ లేస్తుంది, మీరు ప్రకటనలో చూసి ముచ్చటపడ్డ ఊదారంగు మాత్రం దాదాపు ఎప్పుడూ రాదు. ఇప్పటికే పెట్టేసినవాళ్ళు దీన్ని ఆకు అందం కోసం ఉంచుకోవచ్చు, మార్చిలో నేలకి దగ్గరగా నరికేసి వచ్చిన మొలకల్లో ఒకటే ఉంచితే ఏనుగు చెవులంత ఆకులతో చాలా బాగుంటుంది. అదే ఇంకా దక్షిణాన, టెనసీ, నార్త్ కరొలైనా వైపు ఉన్న మనవాళ్ళు మాత్రం దయచేసి దీని జోలికి వెళ్ళొద్దు, అక్కడ ఇది పూస్తుంది, ఒక్క చెట్టు లక్షల్లో గింజలు గాలికి వదుల్తుంది, స్మోకీ పర్వతాల అడవుల్లో దీన్ని ఏరి పారేయడానికి మనుషులు ఇప్పటికీ కష్టపడుతున్నారు.

పాత కొమ్మ, కొత్త కొమ్మ

పూమొగ్గ ఎక్కడుంటుంది అనే ప్రశ్నకి మీ కళ్ళముందే జవాబులున్నాయి. ఫర్సిథియా పొదలు చూడండి, కొన్ని ఏళ్ళు మోకాలి ఎత్తు వరకే పసుపు పూలు పూసి పైన అంతా బోడిగా ఉంటుంది. ఆ ఏడాది మంచు కుప్ప ఎంత ఎత్తున్నదో అంతవరకే మొగ్గలు బతికాయని అర్థం, మంచు కప్పిన చోట వెచ్చగా ఉంది, పైన గాలికి మొగ్గలు పోయాయి. పాత కొమ్మ మీద పూసేవాటి కథ ఇది.

క్రేప్ మర్టిల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది అదే ఏడాది వచ్చిన కొత్త కొమ్మ చివర పూస్తుంది, అందుకని కొమ్మలన్నీ చలికి చచ్చినా వేరు బతికితే చాలు, మళ్ళీ లేచి ఆగస్టులో పూస్తుంది. అయితే డాలస్‌లో చూసే నున్నటి కాండాల చెట్టు మీకు చికాగోలో రాదు, మూడు నాలుగడుగుల పొద వస్తుంది, ఒక్కో గట్టి చలికాలానికి వేరు కూడా పోవచ్చు. పొదగా ఒప్పుకుంటే పెట్టుకోండి, చెట్టుగా ఆశపడొద్దు.

కొత్త కొమ్మ మీద పూసే, చలికి వేరూ కాండమూ రెండూ తట్టుకునే, త్వరగా పెరిగే పెద్ద పూలచెట్టు ఒకటుంది, దాని గురించి ఎవరూ గ్రూపుల్లో చెప్పరు, అదే నాకు ఆశ్చర్యం. నార్దర్న్ కటాల్పా. ఎక్కడో పరాయి దేశానిది కాదు, మన ఇల్లినాయ్ దక్షిణ భాగం, ఇండియానా, మిసిసిపీ నది పరిసరాల చెట్టే. పందొమ్మిదో శతాబ్దంలో కంచె గుంజల కోసం, రైల్వే స్లీపర్ల కోసం మిడ్‌వెస్ట్ అంతా నాటారు. జోన్ 4 దాకా నిక్షేపంగా ఉంటుంది. ఎంప్రెస్ ట్రీ ఆకు లాగే హృదయాకారపు పెద్ద ఆకులు, అడుగు దాకా ఉంటాయి. వసంతంలో చాలా ఆలస్యంగా, పక్కచెట్లన్నీ పచ్చబడ్డాక చిగురిస్తుంది, దానివల్ల ఏప్రిల్ చివర వచ్చే దొంగ మంచు దీన్ని ఏం చేయలేదు. పూలు జూన్‌లో, అప్పుడే వచ్చిన కొమ్మ చివర, తెల్లగా, లోపల పసుపు గీతలు, ఊదా చుక్కలతో, ఒక్కో గుత్తి రెండు చేతుల్లో పట్టనంత. మన ఆకాశమల్లె కుటుంబమే ఇది, పువ్వుని దగ్గరగా చూస్తే ఆ పోలిక తెలుస్తుంది, తర్వాత అడుగు పైన పొడుగు కాయలు వేలాడతాయి. చిన్నప్పుడు మంచి నేలలో ఏడాదికి రెండడుగులకి పైగానే పెరుగుతుంది. లోపాలు కూడా చెప్పాలి, పూలు రాలుతాయి, ఆకులు రాలుతాయి, కాయలు రాలుతాయి, కాబట్టి డ్రైవ్‌వే పక్కన వద్దు, పెద్దయ్యాక యాభై అడుగులకి వెళ్తుంది కాబట్టి ఇంటికి ఇరవై అడుగుల దూరమైనా ఉండాలి, చిన్న లాట్‌లో అసలొద్దు. నాటిన రెండేళ్ళకే పూలు రావు, కొన్నేళ్ళు ఓపిక పట్టాలి.

పేరు ఒకటే, పుట్టిన చోటు వేరు

నర్సరీలో అడగాల్సిన ఇంకో ప్రశ్న, ఈ మొక్క తల్లిచెట్టు ఎక్కడిది అని. చాలామంది అడగరు. రెడ్‌బడ్ తీసుకోండి, ఆకులు రాకముందే బోడికొమ్మల మీద గులాబీరంగు పూలు పట్టుకొచ్చే చిన్న చెట్టు, మన దేవకాంచనానికి దగ్గరి చుట్టం. ఫ్లోరిడా దాకా పెరుగుతుంది, అక్కడి గింజతో పెంచిన మొక్క ఇక్కడ మొదటి చలికాలానికే పోవచ్చు. అదే యూనివర్సిటీ ఆఫ్ మినెసోటా వాళ్ళు అక్కడి చలికి నిలబడ్డ చెట్ల గింజల నుంచి తీసిన "మినెసోటా స్ట్రెయిన్" అయితే మినియాపోలిస్‌లో కూడా పూస్తుంది. బయట ట్యాగ్ మీద రెండింటికీ ఒకటే పేరు, రెడ్‌బడ్. పెద్ద స్టోర్‌లలో అమ్మేవి ఎక్కడో వెచ్చటి రాష్ట్రాల్లో పెంచి ట్రక్కుల్లో తెచ్చినవి కావచ్చు, అందుకే స్థానిక నర్సరీకి ఇరవై డాలర్లు ఎక్కువ ఇవ్వడం నాకు ఎప్పుడూ దండగనిపించదు.

మిమోసా అని ఇక్కడ పిలిచే సిల్క్ ట్రీ కూడా అంతే. మన దిరిసెన జాతిదే, గులాబీరంగు కుచ్చుల్లాంటి పూలు, మనవాళ్ళకి చూడగానే ప్రాణం లేచొస్తుంది. మామూలుగా జోన్ 6 చివరి దాకానే. బోస్టన్ ఆర్నాల్డ్ ఆర్బొరేటం (రకరకాల చెట్లు పెంచి చూపించే వనం) కోసం మొక్కలు సేకరించిన ఎర్నెస్ట్ విల్సన్ 1918లో కొరియా నుంచి తెచ్చిన గింజల సంతతి మాత్రం మిగతావాటికంటే చలికి బాగా తట్టుకుంటుంది, ఆయన పేరుతోనే అమ్ముతారు. అయినా చికాగోలో దీని మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను, దక్షిణాన విపరీతంగా వ్యాపించే గుణం కూడా ఉంది దీనికి.

వేగానికి కట్టాల్సిన ఇంకో మూల్యం

చలికి బతికితే సరిపోదు, మంచు బరువుకి విరగకుండా ఉండాలి కూడా. బ్రాడ్‌ఫర్డ్ పేర్ (బేరి జాతి పూలచెట్టు) కథ అందరూ తెలుసుకోవాలి. 1963లో అమెరికా వ్యవసాయ శాఖే దీన్ని విడుదల చేసింది, తెల్లటి పూలు, త్వరగా పెరుగుదల, చక్కటి ఆకారం, సబర్బ్‌లన్నీ వీటితో నింపేశారు. కొమ్మలన్నీ కాండంలో ఒకే చోట నుంచి ఇరుకు కోణాల్లో లేస్తాయి, రెండు కొమ్మల మధ్య బెరడు ఇరుక్కుపోయి అతుకు గట్టిపడదు, పదిహేను ఇరవై ఏళ్ళకి ఒక మంచుతుఫానులో చెట్టు నిలువునా చీలిపోతుంది. పైగా వేరే రకాల బేరి చెట్లతో కలిసి కాయలు కాసి, పక్షుల ద్వారా పొలాల నిండా వ్యాపించింది. ఒహాయో, పెన్సిల్వేనియా, సౌత్ కరొలైనా ఇప్పుడు దీని అమ్మకమే నిషేధించాయి. క్లీవ్‌లాండ్ సెలెక్ట్ అని పేరు మార్చి అమ్మినా అదే జాతి, మోసపోకండి.

హైబ్రిడ్ పాప్లర్ నిజంగానే ఏడాదికి ఐదడుగుల పైన పెరుగుతుంది, చలికి దిగుల్లేదు, కానీ కాండాన్ని తినేసే క్యాంకర్ తెగుళ్ళతో చాలా చెట్లు పదిహేను ఇరవై ఏళ్ళలో పోతాయి, వేర్లు నీటి పైపుల వైపు పోతాయి. సిల్వర్ మేపుల్ కొమ్మలు పెళుసు. దానికీ రెడ్ మేపుల్‌కీ కలిపిన ఆటమ్ బ్లేజ్ అయితే శరదృతువులో మండుతున్నట్టుండే ఎరుపు, ఏడాదికి మూడడుగులు, కానీ మన నేపర్‌విల్, అరోరా వైపు బంకమట్టి క్షారం ఎక్కువున్న నేల, దాంట్లో మేపుల్‌కి మాంగనీస్ అందక ఎండాకాలంలోనే ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. రివర్ బర్చ్‌కి ఐరన్‌తో అదే గొడవ. చెట్టు కొనేముందు మట్టి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అన్నది) చూపించుకోండి, ఖర్చు చాలా తక్కువ.

మరి ఇంకేం పెట్టొచ్చు అంటే, తడి ఆరని కొంచెం పెద్ద జాగా ఉంటే డాన్ రెడ్‌వుడ్ అద్భుతం. 1941లో జపాన్‌లో షిగెరు మికి శిలాజాలు చూసి పేరుపెట్టిన జాతి, ఎప్పుడో అంతరించిందనుకుంటే చైనాలో బతికున్న చెట్లు దొరికాయి, 1948లో ఆర్నాల్డ్ ఆర్బొరేటం గింజలు తెప్పించి ప్రపంచమంతా పంచింది. పూలు ఉండవు గానీ ఈకల్లాంటి ఆకులు శరదృతువులో ఇటుకరంగుకి తిరిగి రాలిపోతాయి, ఏడాదికి రెండు మూడడుగులు సులువుగా పెరుగుతుంది. ఇది కూడా కొంచెం ఆలస్యంగా ఆగే చెట్టే, చల్లగాలి నిలిచే పల్లపు జాగాలో పెట్టకండి. నీడ కోసమైతే ఎకలేడ్ ఎల్మ్, మన పక్కనే లైల్‌లో ఉన్న మోర్టన్ ఆర్బొరేటం నుంచే వచ్చింది, ఒకప్పుడు ఎల్మ్ చెట్లని తుడిచిపెట్టిన డచ్ ఎల్మ్ తెగులుకి తట్టుకుంటుంది, మన మట్టిని పట్టించుకోదు. ఆ ఆర్బొరేటంకి ఒక్కసారి జూన్‌లో, ఒక్కసారి అక్టోబర్‌లో వెళ్ళిరండి, చెట్లకి పేర్లు రాసుంటాయి, పెద్దయ్యాక ఏది ఎంత వెడల్పు అవుతుందో కళ్ళారా చూడొచ్చు. ఇంకొక మాట, ఏ చెట్టయినా ఒకే రకం వరసగా అరడజను పెట్టొద్దు. డెట్రాయిట్ దగ్గర 2002లో కనిపించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు 2006కి ఇల్లినాయ్ చేరింది, ఎల్మ్‌లు పోయాయని వీధి వీధంతా యాష్ నాటుకున్న ఊళ్ళు మళ్ళీ బోసిపోయాయి.

పెట్టాక

ఎక్కువమంది ప్రేమ కొద్దీ చేసే పని ఆగస్టులో ఎరువు వేయడం. నత్రజని పడగానే చెట్టు మళ్ళీ చిగురేస్తుంది, ఆగాల్సిన టైమ్‌లో ఆగదు, ఆ లేత కొమ్మలన్నీ అక్టోబర్ మంచుకి పోతాయి. పైన లాన్‌కి వేసే ఎరువు కూడా ఇందులోకే వస్తుంది, చెట్టు వేర్లు లాన్ కిందే ఉంటాయి కదా. ఎరువు వేయాలనుకుంటే వసంతంలో, అదీ మట్టిలో లోటుంటేనే.

ఎరువు ఆపేయాలి గానీ నీళ్ళు ఆపకూడదు. నేల గడ్డకట్టేదాకా, అంటే నవంబర్ చివరి దాకా, వాన లేని వారం ఒకసారి నిదానంగా తడపండి. వేర్లకి కాండమంత చలి ఓర్పు ఉండదు, చాలా జాతుల వేర్లు మైనస్ 10 సెల్సియస్ చుట్టుపక్కలే పోతాయి, మట్టి, మంచు కప్పి ఉండబట్టే అవి బతుకుతున్నాయి. అందుకే కుండీలో పెట్టిన చెట్టుని బయట వదిలేస్తే పోతుంది, నేలలో ఉన్న అదే చెట్టు బతుకుతుంది. చుట్టూ మూడు అంగుళాల మందాన చెక్కముక్కల మల్చ్ వేయండి, కాండానికి తగలకుండా చుట్టూ ఖాళీ వదలాలి, ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళు కాండం చుట్టూ గుట్టలా పోసి వెళ్తుంటారు, అది బెరడుని కుళ్ళబెడుతుంది, వాళ్ళు వెళ్ళాక మీరే తీసేయండి.

నాటేటప్పుడు కాండం అడుగున వెడల్పయ్యే చోటు నేల పైకి కనపడేలా ఉండాలి. బర్చ్, రెడ్‌బడ్ లాంటివి వసంతంలోనే నాటండి, శరదృతువులో నాటితే వేరు పట్టకముందే చలికాలం వచ్చేస్తుంది. పెద్ద చెట్టు కొంటే త్వరగా నీడ వస్తుందనుకుంటాం గానీ నర్సరీలో తవ్వేటప్పుడే దాని వేర్లలో చాలా భాగం తెగిపోతుంది, కాండం ఎంత లావుంటే కోలుకోవడానికి అన్ని ఎక్కువ ఏళ్ళు పడుతుంది, బొటనవేలంత లావు మొక్క కొన్నేళ్ళలో దాన్ని అందుకుంటుంది, ఖర్చు కూడా చాలా తక్కువ.

నవంబర్‌లో లేత కాండానికి తెల్లటి గార్డ్ చుట్టండి, జనవరిలో పగలు నైరుతి వైపు ఎండ పడి బెరడు వెచ్చబడి రాత్రి ఒక్కసారిగా చల్లబడితే నిలువునా చీలుతుంది, ఏప్రిల్‌లో ఆ గార్డ్ తీసేయడం మర్చిపోవద్దు. కుందేళ్ళకి వేరే ఏర్పాటు కావాలి, సన్నకన్నుల ఇనుప వల, కాండానికి నాలుగైదు అంగుళాల దూరంలో గుండ్రంగా, రెండు మూడడుగుల ఎత్తు. మంచు కుప్ప మీద ఎక్కి కుందేలు పైదాకా కొరుకుతుంది, మంచు ఎక్కువ పడే వైపు ఉన్నవాళ్ళు ఇంకో అడుగు ఎత్తు పెంచుకోండి. గొయ్యి తవ్వేముందు 811కి ఫోన్ చేయండి, డబ్బులు తీసుకోరు, కొద్ది రోజుల్లో వచ్చి గ్యాస్ లైన్, కరెంటు కేబుల్ ఎక్కడున్నాయో నేల మీద రంగులతో గీసి వెళ్తారు, మీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఒప్పుకునే చెట్ల లిస్ట్ కూడా అదే వారంలో తెప్పించుకుంటే మే మొదటికల్లా నాటేయొచ్చు.